రోజుకు ఐదు షిల్లింగుల సైనికుడు

ఏప్రిల్ 25 వస్తోందంటే ఆస్ట్రేలియాలో ప్రతి బడిలోనూ ఆన్జాక్ డే గురించి చెబుతారు. పిల్లలు చొక్కాకి రోజ్‌మేరీ రెమ్మ పెట్టుకుని ఇంటికి వస్తారు. గల్లిపోలి, సింప్సన్, గాడిద, బిస్కట్లు, ఇవన్నీ వాళ్ళకి తెలుసు. అమ్మానాన్నలకే తెలియదు. "ఇది వీళ్ళ పండుగ, మనకేం సంబంధం?" అని మనలో చాలామంది ఊరుకుంటాం. పిల్లలు మాత్రం ఊరుకోరు. "మనవాళ్ళు కూడా ఆ యుద్ధంలో ఉన్నారా?" అని అడుగుతారు.

ఉన్నారు. ఎక్కడ, ఎలా ఉన్నారో చెప్పాలంటే ముందు ఒక మామూలు ఆస్ట్రేలియా సైనికుడి కథ తెలుసుకోవాలి. మామూలు సైనికుడు అంటే జనరల్ కాదు, విక్టోరియా క్రాస్ పొందిన వీరుడూ కాదు. తుపాకి భుజాన వేసుకుని కాలినడకన పోయే పదాతి దళంలో అందరికన్నా కింది మెట్టు మీద ఉండే 'ప్రైవేట్'. రెండో ప్రపంచ యుద్ధంలో మలయా, సింగపూర్‌లకు వెళ్ళిన ఎనిమిదో డివిజన్ సైనికుడిని తీసుకుందాం. ఈ కథ ఏ ఒక్క మనిషిదో కాదు, వేలమందికి జరిగినది. అందుకని ఇతన్ని పేరు పెట్టకుండా 'మన సైనికుడు' అనే పిలుద్దాం.

సైన్యంలో చేరిక

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలయింది. విదేశాలకు వెళ్ళి పోరాడటానికి ఆస్ట్రేలియా ఒక స్వచ్ఛంద సైన్యాన్ని కూడగట్టింది. దానికి రెండవ ఆస్ట్రేలియన్ ఇంపీరియల్ ఫోర్స్ అని పేరు. మొదట్లో 20 నుంచి 35 ఏళ్ళ మగవాళ్ళను తీసుకునేవారు. వయసు తక్కువైన కుర్రాళ్ళు ఎక్కువ చెప్పీ, ఎక్కువైన పెద్దవాళ్ళు తక్కువ చెప్పీ చేరారు. 1940 మే, జూన్ నెలల్లో ఫ్రాన్స్ పడిపోయినప్పుడు చేరేవాళ్ళ వరుసలు బాగా పెరిగాయి. ఆ జూలైలో ఎనిమిదో డివిజన్ ఏర్పడింది.

ఎందుకు చేరారు? కొందరికి దేశభక్తి. కొందరికి స్నేహితుడు చేరాడు కాబట్టి తనూ చేరాలని. కొందరికి లోకం చూడాలన్న సరదా. ఆర్థిక మాంద్యంలో పని లేక తిరిగిన కొందరికి అదొక ఉద్యోగం. జీతం రోజుకు ఐదు షిల్లింగులు. గొర్రెల ఫారంలో ఉన్ని కత్తిరించేవాడు, ట్రామ్ కండక్టరు, బ్యాంకు గుమాస్తా, బడి పంతులు, అందరూ ఒకే గుడారంలో పడుకున్నారు.

చేరగానే ఒక నంబరు ఇస్తారు. న్యూ సౌత్ వేల్స్‌లో చేరితే ఆ నంబరు ముందు 'ఎన్.ఎక్స్.' అని, విక్టోరియాలో అయితే 'వి.ఎక్స్.' అని, క్వీన్స్‌లాండ్‌లో 'క్యూ.ఎక్స్.' అని ఉంటుంది. మెడలో వేసుకునే బిళ్ళ మీద అదే నంబరు. సమాధి మీదా అదే నంబరు. ఇప్పటికీ స్మారక చిహ్నాల దగ్గర ఈ అక్షరాలు చూసి సైనికుడు ఏ రాష్ట్రంలో చేరాడో చెప్పవచ్చు.

పది మంది వరకు ఉంటే ఒక సెక్షన్. మూడు సెక్షన్లు ఒక ప్లటూన్. కొన్ని ప్లటూన్లు కలిస్తే కంపెనీ, కంపెనీలు కలిస్తే బెటాలియన్. బెటాలియన్‌లో ఎనిమిది, తొమ్మిది వందల మంది ఉంటారు. బెటాలియన్ పేర్లలో 2/19, 2/29 అని ఉంటుంది. ముందున్న '2' అంకె రెండవ సైన్యానికి గుర్తు. మొదటి యుద్ధంలో పోరాడిన 19వ బెటాలియన్‌తో కలిసిపోకుండా అలా రాస్తారు. సైనికుడికి అమ్మానాన్నల తర్వాత అంత దగ్గరిది తన సెక్షనే. కలిసి తినడం, కలిసి నడవడం, ఒకరి సిగరెట్టు ఇంకొకరు పంచుకోవడం. దీన్నే ఇక్కడివాళ్ళు 'మేట్‌షిప్' అంటారు. స్నేహం అనే మాట దానికి చాలదు. ఒకరి ప్రాణానికి ఒకరు పూచీ పడటం అది.

మలయాకు ప్రయాణం

న్యూ సౌత్ వేల్స్ దళాలు ఇంగిల్‌బర్న్‌లోనూ, బాథర్స్ట్‌లోనూ శిక్షణ పొందాయి. 1941 ఫిబ్రవరి 4న 22వ బ్రిగేడ్ సిడ్నీ నుంచి 'క్వీన్ మేరీ' ఓడలో బయల్దేరింది. అందరూ మధ్య ప్రాచ్య ఎడారులకు వెళ్తున్నామనుకున్నారు. ఫిబ్రవరి 18న దిగి చూస్తే సింగపూర్. ఆగస్టులో మరో బ్రిగేడ్ వచ్చింది.

అక్కడి నుంచి మలయా లోపలికి వెళ్ళారు. ఉక్కపోత, దోమలు, జలగలు, రోజూ సాయంత్రం వాన. చుట్టూ మైళ్ళ తరబడి వరుసగా నాటిన రబ్బరు చెట్లు. ఆ చెట్ల మధ్య తెల్లవారకముందే లేచి, కత్తితో బెరడు గీసి, పాలు పట్టే కూలీలు. వాళ్ళలో ఎక్కువమంది దక్షిణ భారతం నుంచి వచ్చినవాళ్ళు. తమిళులు అధికం. తెలుగువాళ్ళు కూడా వేలల్లో ఉన్నారు. విశాఖ, గోదావరి, చిత్తూరు ప్రాంతాల నుంచి పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ మలయా తోటలకు వలస వెళ్ళిన కుటుంబాలవి. 'కంగాణీ' అనే మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి, "అక్కడ పని ఉంది, కూలి ఉంది" అని చెప్పి ఓడ ఎక్కించేవాడు. అలా వెళ్ళినవాళ్ళ పిల్లలు, మనవలు తోటల 'లైన్ ఇళ్ళ'లోనే పుట్టి పెరిగారు.

ఆస్ట్రేలియా సైనికుడూ, తెలుగు కూలీ ఒకరినొకరు మొదట చూసింది ఇలా రబ్బరు తోట బాట మీదే. అప్పటికి ఇద్దరికీ తెలియదు, రెండేళ్ళలో ఇద్దరూ ఒకే రైలు కట్ట మీద మట్టి మోయబోతున్నారని.

డెబ్బై రోజుల యుద్ధం

1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం మలయా ఈశాన్యంలో కోట భారు దగ్గర దిగింది. రెండు రోజుల తర్వాత బ్రిటిష్ యుద్ధనౌకలు 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్', 'రిపల్స్' రెండూ విమాన దాడిలో మునిగిపోయాయి. జపాన్ సైనికులు సైకిళ్ళ మీద కూడా వచ్చారు. దారి మూసేస్తే అడవిలోంచో, సముద్రం మీద పడవల్లోనో చుట్టు తిరిగి వెనకనుంచి తగిలేవారు. మొదటి అయిదు వారాలూ ఉత్తరాన యుద్ధ భారం ఎక్కువగా మోసింది భారత సైనికులే.

ఆస్ట్రేలియా పదాతి దళానికి మొదటి పెద్ద పోరు 1942 జనవరి 14న వచ్చింది. గెమాస్ దగ్గర ఒక వంతెన పక్క 2/30 బెటాలియన్ సైనికులు పొంచి కూర్చున్నారు. వందల మంది సైకిలు సైనికులు వంతెన దాటేదాకా ఊపిరి బిగపట్టి, తర్వాత వంతెనను పేల్చారు. ఆ ఒక్క రోజు గెలుపు మొత్తం యుద్ధాన్ని మార్చలేకపోయింది.

నాలుగైదు రోజులకే పడమటి తీరాన మువార్ దగ్గర పరిస్థితి చేయి దాటింది. అక్కడున్నది 45వ భారత బ్రిగేడ్. శిక్షణ పూర్తికాని కుర్రాళ్ళు ఎక్కువగా ఉన్న దళం అది. వాళ్ళకు సాయంగా ఆస్ట్రేలియన్ 2/29, 2/19 బెటాలియన్లు వెళ్ళాయి. లెఫ్టినెంట్ కల్నల్ చార్లెస్ ఆండర్సన్ అందరినీ కూడగట్టి, దారిలో అడ్డంగా పడేసిన చెట్లను గొడ్డళ్ళతో తొలగిస్తూ, పోరాడుతూ పరిత్ సులోంగ్ వంతెన దాకా తెచ్చాడు. అప్పటికే వంతెన శత్రువు చేతిలో ఉంది. లారీల నిండా గాయపడినవాళ్ళు. వాళ్ళనైనా దాటనివ్వమని అడిగితే, అందరూ లొంగిపోతేనే అని జవాబు వచ్చింది. జనవరి 22న ఆండర్సన్ వాహనాలను, తుపాకులను పాడుచేయించి, నడవగలిగినవాళ్ళను అడవిలోంచి వెళ్ళిపొమ్మన్నాడు. ఆస్ట్రేలియన్లూ, భారతీయులూ కలిపి తొమ్మిది వందల మంది వరకు తమ దళాల దగ్గరికి చేరుకున్నారు. వెనక మిగిలిన క్షతగాత్రులలో సుమారు 150 మందిని జపాన్ సైనికులు చంపేశారు. వాళ్ళలో ఆస్ట్రేలియన్లూ ఉన్నారు, భారతీయులూ ఉన్నారు. ఆండర్సన్‌కు విక్టోరియా క్రాస్ ఇచ్చారు.

జనవరి 31న దళాలన్నీ సింగపూర్ ద్వీపంలోకి వచ్చి, ప్రధాన భూభాగాన్ని కలిపే కట్టను పేల్చాయి. ఫిబ్రవరి 8 రాత్రి జపాన్ పడవలు దిగింది సరిగ్గా 22వ బ్రిగేడ్ కాపలా ఉన్న వాయవ్య తీరంలోనే. ఎన్నో మైళ్ళ మడ అడవి తీరానికి మూడే బెటాలియన్లు. వారం తిరిగేసరికి ద్వీపంలో మంచినీటికి కరువు వచ్చింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. అక్కడ పట్టుబడిన ఆస్ట్రేలియన్లు సుమారు 15,000 మంది. భారత సైనికుల సంఖ్య ఇంకా చాలా ఎక్కువ. రెండు రోజుల తర్వాత భారతీయులను విడదీసి ఫారర్ పార్కులో సమావేశపరిచారు. ఆజాద్ హింద్ ఫౌజ్ కథ అక్కడినుంచి వేరే దారి పట్టింది.

నాలుగు రోజులకు, ఫిబ్రవరి 19న, డార్విన్ మీద బాంబులు పడ్డాయి. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద పడ్డాయి. విశాఖలో జనం మూటలు కట్టుకుని పల్లెలకు పారిపోయిన సంగతి మన తాతమ్మల తరం చెప్పుకునేది. డార్విన్ ప్రజలదీ అదే అనుభవం.

బందీ జీవితం

మన సైనికుడు ఇప్పుడు ఖైదీ. చాంగీ ప్రాంతంలోని సెలరాంగ్ బారకాసుల్లోకి నడిపించారు. మొదటి సమస్య తిండి. రొట్టె, మాంసం, బంగాళదుంప తిని పెరిగినవాడికి రోజూ మూడు పూటలా బియ్యమే. వండటం కూడా తెలియదు. ముద్దగా, సగం ఉడికీ ఉడకక, పురుగులతో. "అన్నం తింటే ఏమవుతుంది, మనం తినడం లేదా?" అని పిల్లలు అడగవచ్చు. మనం అన్నంతో పప్పు, కూర, పెరుగు తింటాం. వాళ్ళకు ఇచ్చింది బాగా పాలిష్ పట్టిన తెల్ల బియ్యం, దానితో ఉప్పు నీళ్ళలాంటి ఆకుకూర చారు. బియ్యం పై పొరలో ఉండే బి1 విటమిన్ తవుడుతో పాటు పోతుంది. అది అందకపోతే బెరిబెరి అనే జబ్బు వస్తుంది. కాళ్ళు వాచిపోతాయి, తర్వాత గుండె దెబ్బతింటుంది. ఈ సంగతి తెలిసిన డాక్టర్లు తవుడు సంపాదించి మందులా తినిపించారు. మన దంపుడు బియ్యం విలువ వాళ్ళకు అలా తెలిసింది.

ఇంటికి ఉత్తరం రాయాలంటే కార్డు మీద ఇరవై అయిదు మాటలు మాత్రమే. అదీ ఎప్పుడో ఒకసారి. అవి చేరడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పట్టేది. "బతికే ఉన్నాడు" అన్న ఒక్క మాట కోసం ఇక్కడ తల్లులు రెండేళ్ళు ఎదురు చూశారు.

బర్మా - థాయిలాండ్ రైలు మార్గం

జపాన్ సైన్యం బర్మాను పట్టుకుంది. అక్కడినుంచి భారతదేశం మీదికి రావాలన్నది ఆలోచన. ఓడల్లో సరుకు పంపితే జలాంతర్గాములు ముంచేస్తున్నాయి. అందుకని థాయిలాండ్‌లోని నాంగ్ ప్లాడుక్ నుంచి బర్మాలోని థన్‌బ్యుజయాత్ వరకు 415 కిలోమీటర్ల రైలు దారి వేయాలని నిశ్చయించారు. కొండలు, నదులు, మలేరియా అడవులు. ఈ పని కోసం 60,000 మందికి పైగా యుద్ధ ఖైదీలను తరలించారు. వాళ్ళలో ఆస్ట్రేలియన్లు సుమారు 13,000.

'ఎ ఫోర్స్' అన్న పేరుతో 3,000 మంది ఆస్ట్రేలియన్లు 1942 మేలో బర్మా వైపు వెళ్ళారు. 1943 ఏప్రిల్‌లో 'ఎఫ్ ఫోర్స్' వెళ్ళింది. అందులో సుమారు 3,660 మంది ఆస్ట్రేలియన్లు. "అక్కడ ఆరోగ్యకరమైన శిబిరాలున్నాయి, తిండి బాగుంటుంది" అని చెప్పడంతో జబ్బుపడినవాళ్ళు కూడా బయల్దేరారు. గాలి ఆడని ఇనుప గూడ్సు పెట్టెల్లో దాదాపు అయిదు రోజులు కుక్కి తీసుకెళ్ళారు. రైలు దిగాక సుమారు 300 కిలోమీటర్లు, వర్షంలో, రాత్రిళ్ళు నడిపించారు. ఈ ఒక్క ఫోర్స్‌లోనే వెయ్యి మందికి పైగా ఆస్ట్రేలియన్లు చనిపోయారు.

అందరికీ తెలిసిన చోటు 'హెల్‌ఫైర్ పాస్'. కొన్యూ దగ్గర కొండను చీల్చి పట్టాలకు దారి చేయాలి. పొడవు 75 మీటర్లు, లోతు 25 మీటర్లు. ఆస్ట్రేలియన్ ఖైదీలు అక్కడ పని మొదలుపెట్టింది 1943 ఏప్రిల్ 25న, అంటే ఆన్జాక్ డే నాడే. యంత్రాలు దాదాపు లేవు. ఒకడు ఉలి లాంటి ఇనుప కడ్డీ పట్టుకుంటాడు, ఇంకొకడు సుత్తితో కొడతాడు. ప్రతి దెబ్బకీ కడ్డీ కాస్త తిప్పుతుండాలి. రంధ్రం మీటరు లోతు అయ్యాక అందులో మందు పెట్టి పేలుస్తారు. ముక్కలైన రాళ్ళను చేతులతో, బుట్టలతో తీసి పారేస్తారు. కాపలాదారులు "స్పీడో, స్పీడో" అని అరుస్తూ కొట్టేవారు. రోజుకు పద్దెనిమిది గంటల వరకు పని. రాత్రివేళ వెదురు మంటల వెలుగులో ఎముకల గూళ్ళలాంటి మనుషులు రాళ్ళు కొడుతుంటే నరకంలా కనిపించేదట. అందుకే ఆ పేరు.

కాళ్ళకు చెప్పులు ఉండేవి కావు. వెదురు ముల్లు గీసుకుంటే చాలు, పుండు లేచి ఎముక దాకా తినేసేది. మలేరియా, విరేచనాలు, వానలతో పాటు కలరా. మందులు లేవు.

బతికినవాళ్ళు ఎలా బతికారు?

ఈ ప్రశ్నే ఈ వ్యాసానికి ముఖ్యం. అదృష్టం కొంత. కానీ అంతా అదృష్టం కాదు.

మొదటిది, పంచుకోవడం. పని చేసినవాడికి రోజుకు కొన్ని సెంట్లు కూలి ఇచ్చేవారు. అధికారులకు కొంచెం ఎక్కువ. ఆ డబ్బులో కొంత అందరి నుంచీ పోగుచేసి, నది మీద పడవల్లో వచ్చే వర్తకుల దగ్గర బాతు గుడ్లు కొని జబ్బుపడినవాళ్ళకు పెట్టేవారు. "నా కూలి నా ఇష్టం" అనుకుని ఉంటే పడుకున్నవాడు లేచేవాడు కాదు.

రెండవది, శుభ్రత. తిండి గిన్నె మరిగే నీళ్ళలో ముంచకుండా ఎవరూ అన్నం పెట్టించుకోకూడదు. నీళ్ళు కాచకుండా తాగకూడదు. మరుగుదొడ్ల గుంటలు లోతుగా తవ్వాలి. అలసిపోయి చచ్చేంత స్థితిలో కూడా ఈ నియమాలు పాటించారంటే దానికి కారణం కట్టుబాటు. చెప్పేవాడొకడున్నాడు, వినే అలవాటు ఉంది.

మూడవది, డాక్టర్లు. ఎడ్వర్డ్ డన్లప్ - 'వియరీ' డన్లప్ అని ముద్దుపేరు - ఆల్బర్ట్ కోట్స్, కెవిన్ ఫేగన్, బ్రూస్ హంట్ వంటివాళ్ళు. చెంచాను గీకుడు కత్తిలా వాడి పుళ్ళు శుభ్రం చేశారు. కలరా రోగులకు ఎక్కించడానికి అడవిలోనే నీళ్ళు బట్టీ పట్టి ఉప్పు ద్రవం చేశారు, వెదురును సూదిగా చెక్కారు. కాళ్ళు తీసేసినవాళ్ళకు వెదురుతో, చెక్కతో కాళ్ళు చేసి ఇచ్చారు. రోగులను పనికి పంపనని కాపలాదారులకు ఎదురు నిలబడి దెబ్బలు తిన్నారు.

నాలుగవది, ఒంటరిగా ఎవరినీ వదలకపోవడం. ఇద్దరు ముగ్గురు జట్టుగా ఉండేవారు. ఒకడికి జ్వరం వస్తే రెండోవాడు అన్నం తెచ్చి తినిపించేవాడు, బట్ట తడిపి తుడిచేవాడు. జట్టు లేనివాడు తొందరగా పోయేవాడని తిరిగొచ్చినవాళ్ళు పదే పదే చెప్పారు.

ఇన్ని ఉన్నా రైలు మార్గం మీద దాదాపు 2,800 మంది ఆస్ట్రేలియన్లు చనిపోయారు.

మరి మనవాళ్ళు?

ఇప్పుడు పిల్లల ప్రశ్నకు వద్దాం. ఖైదీలు చాలక, జపాన్ సైన్యం మలయా, బర్మా, జావాల నుంచి రెండు లక్షల మందికి పైగా ఆసియా కూలీలను తీసుకువెళ్ళింది. యుద్ధంతో రబ్బరు అమ్మకం ఆగిపోయి తోటల్లో పని లేదు, బియ్యం లేదు. "మూడు నెలల పని, మంచి కూలి, తిండి ఉచితం" అని మొదట ఆశపెట్టారు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాకపోయేసరికి మిగిలినవాళ్ళు భయపడ్డారు. అప్పుడు బలవంతంగా లారీల్లో ఎక్కించడం మొదలయింది. కొందరు భార్యాపిల్లలతో సహా వెళ్ళారు.

పుస్తకాల్లో 'తమిళ కూలీలు' అన్న మాటే ఎక్కువగా కనిపిస్తుంది. మలయా తోటల నుంచి వెళ్ళిన దక్షిణ భారతీయులందరినీ చూసినవాళ్ళు ఆ ఒక్క మాటతోనే పిలిచారు. తెలుగువాళ్ళు, మలయాళీలు ఆ మాట వెనక కనిపించకుండా పోయారు.

ఖైదీలకు ఉన్నవేవీ ఈ కూలీలకు లేవు. సెక్షన్ లేదు, బెటాలియన్ లేదు, అధికారి లేడు, డాక్టరు లేడు. నీళ్ళు కాచుకుని తాగాలని చెప్పేవాడు లేడు. తమిళుడు, తెలుగువాడు, జావా మనిషి, బర్మా మనిషి పక్కపక్కన పడుకున్నా ఒకరి మాట ఒకరికి తెలియదు. కలరా వస్తే శిబిరం శిబిరమే ఊడ్చుకుపోయింది. చనిపోయినవాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు. అందుకే ఇప్పటికీ అంచనాలే. ఎక్కువమంది చరిత్రకారులు 75,000కు తక్కువ కాదంటారు, లక్ష దాకా చెప్పేవాళ్ళూ ఉన్నారు. అంటే ఖైదీల మరణాలకు కనీసం ఆరు రెట్లు.

1943 మధ్యలో చాంగీ నుంచి 'కె ఫోర్స్', 'ఎల్ ఫోర్స్' అని రెండు వైద్య బృందాలను ఆసియా కూలీల శిబిరాలకు పంపారు. వాటిలో ఆస్ట్రేలియన్లు కూడా ఉన్నారు. చేతిలో మందులు లేకపోయినా చేయగలిగింది చేశారు.

1943 అక్టోబరులో రెండు వైపుల పట్టాలూ కొంకొయిటా దగ్గర కలిశాయి. కంచనబురి యుద్ధ శ్మశానంలో ఈనాడు దాదాపు 7,000 సమాధులు, కోసిన పచ్చిక మధ్య వరుసగా ఉంటాయి. ప్రతి రాయి మీదా నంబరు, పేరు, వయసు. తల్లిదండ్రులు రాయించిన ఒక వాక్యం. కూలీలకు అలాంటి రాళ్ళు లేవు. ఎక్కడ పడితే అక్కడ పూడ్చారు. ఏ తోటలో ఏ తెలుగు ఇల్లాలు ఎన్నేళ్ళు గుమ్మం వైపు చూసిందో మనకు ఎవరూ రాసిపెట్టలేదు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. మన సైనికుడూ, మన తెలుగు కూలీ ఒకే ఎండలో, ఒకే పట్టాల మీద పనిచేశారు. ఇతని దేశం ఇతని పేరు వెతికి రాసి పెట్టుకుంది. అతని పేరు ఎవరూ అడగలేదు. ఇందులో ఆస్ట్రేలియా తప్పేమీ లేదు. తమవాళ్ళను గుర్తుపెట్టుకోవడం ఎలాగో వాళ్ళకు తెలుసు. ఆ విద్య మనమూ నేర్చుకోవాలి.

ఇంటికి

1945 ఆగస్టు 15న యుద్ధం ముగిసింది. జపాన్ చేతిలో బందీలైన ఆస్ట్రేలియన్లు మొత్తం 22,000 మంది దాకా. వాళ్ళలో సుమారు 8,000 మంది తిరిగి రాలేదు. బోర్నియోలోని సండకన్ శిబిరంలో చివరికి మిగిలిన వాళ్ళు ఆరుగురే.

ఓడ దిగిన మన సైనికుడిని చూసి తల్లి గుర్తుపట్టలేకపోయింది. ఒళ్ళు కొంత కోలుకుంది గాని మనసు అంత తొందరగా కోలుకోలేదు. రాత్రిళ్ళు కేకలు, మలేరియా తిరగబెట్టడం, కంచంలో ఒక్క మెతుకు వదిలినా పిల్లల మీద కోపం. ఏమి జరిగిందో ఇంట్లో చెప్పేవాడు కాదు. చాలామంది నలభై, యాభై ఏళ్ళ తర్వాత మనవలు అడిగితే నోరు విప్పారు. 2001లో ఆస్ట్రేలియా ప్రభుత్వం అప్పటికి జీవించి ఉన్న మాజీ ఖైదీలకు, చనిపోయినవారి భార్యలకు 25,000 డాలర్ల చొప్పున ఇచ్చింది. 2004లో బల్లారట్‌లో యుద్ధ ఖైదీల స్మారకం ప్రారంభమయింది. 35,000కు పైగా పేర్లు నల్లరాతి మీద చెక్కి ఉంటాయి.

డాక్టరు డన్లప్ సంగతి ఒకటి చెప్పాలి. అంత చూసినవాడు పగ పెంచుకోలేదు. యుద్ధం తర్వాత కొలంబో ప్లాన్ కింద థాయిలాండ్, శ్రీలంక, భారతదేశాలకు వెళ్ళి శస్త్రచికిత్సలు చేశాడు, నేర్పాడు. 1993లో చనిపోయాక, మరుసటి ఏడు ఆన్జాక్ డే నాడు ఆయన అస్థికలలో కొంత భాగం హెల్‌ఫైర్ పాస్‌లోనే ఉంచారు. జపాన్ పిల్లలు ఈరోజు మన పిల్లల తరగతుల్లోనే కూర్చుంటారు. జరిగినది తెలుసుకోవడం వేరు, ద్వేషించడం వేరు అని పెద్దలు విడమరిచి చెప్పాలి.

ఈసారి ఏప్రిల్ 25 తెల్లవారుజామున పిల్లలు లేపితే లేవండి. కాస్త చలిగా ఉంటుంది, శాలువా కప్పుకుని వెళ్ళండి. బ్యూగిల్ మోగాక అందరూ ఒక నిమిషం మౌనంగా నిలబడతారు. ఆ నిమిషంలో సగం ఆ సైనికుడికి ఇవ్వండి. మిగిలిన సగం పేరు తెలియని మన కూలీకి ఇవ్వండి.

పిల్లలకు: ఇంట్లో చేయదగిన పనులు

1. మీ పేటలో ఉన్న యుద్ధ స్మారకం దగ్గరికి వెళ్ళి, 1939 - 1945 కింద ఉన్న పేర్లు ఎన్నో లెక్కపెట్టండి. ఒకే ఇంటిపేరు రెండుసార్లు ఉందేమో చూడండి. ఉంటే వాళ్ళు అన్నదమ్ములు కావచ్చు.

2. ఇరవై అయిదు మాటలకు మించకుండా తాతయ్యకో, అమ్మమ్మకో తెలుగులో ఒక కార్డు రాయండి. ముఖ్యమైన మాట ఏదీ వదలకూడదు. ఎంత కష్టమో మీకే తెలుస్తుంది.

3. మీ కుటుంబంలో రంగూన్‌కో, మలయాకో, ఫిజీకో, మారిషస్‌కో వలస వెళ్ళినవాళ్ళు ఉన్నారేమో పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళ పేరు, ఊరు, వెళ్ళిన ఏడు ఒక నోటుపుస్తకంలో రాసి దాచండి.

4. ఈ మాటలకు అర్థాలు అమ్మానాన్నలతో మాట్లాడి తెలుసుకోండి: పదాతి దళం, క్షతగాత్రుడు, బందీ, స్మారకం, కట్టుబాటు, తవుడు.